854 అడుగుల దగ్గర ఆగండి: శ్రీశైలం ఇంజనీర్లకు ఒక లెక్కల మాస్టారి బహిరంగ లేఖ

శ్రీశైలం ఆనకట్ట మీద, రెండు గట్ల పవర్‌హౌస్‌లలో, పోతిరెడ్డిపాడు గేట్ల దగ్గర, కల్వకుర్తి, హంద్రీనీవా పంపుల దగ్గర పనిచేస్తున్న రెండు రాష్ట్రాల ఇంజనీర్లకు,

నమస్కారం.

శ్రీశైలం నీళ్లను ఏ మట్టం దాకా వాడాలన్న ఈ తగాదా గురించి ముఖ్యమంత్రులకు, కేంద్రమంత్రులకు వెళ్లిన ఉత్తరాలు ఇప్పటికే బీరువాలు నింపేసి ఉంటాయి. అందుకే వాళ్లకు రాయడం లేదు. రోజూ పొద్దున మట్టం చూసి రిజిస్టరులో అంకె వేసేది మీరు. ఫలానా యూనిట్ ఆన్ చెయ్యమంటే చేసేది, ఆపమంటే ఆపేది మీరు. కాగితం మీది మాటకు, నీటికి మధ్య నిలబడేది మీరే కాబట్టి మీకే రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైర్ అయ్యాను. ఉండేది నంద్యాలలో. పుట్టింది మాత్రం మీ రిజర్వాయరు అడుగున. సంగమేశ్వరానికి అంత దూరంలో కాని ఒక ఊళ్లో మాకు మట్టిమిద్దె, దాని వెనక కల్లం, నాలుగు చింతచెట్లు ఉండేవి. 1981లో ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు మా ఊరూ పోయింది.

మునిగిన ఊళ్లవాళ్లకు ఒక అలవాటు ఉంది. బహుశా మీరు గమనించి ఉండరు. మా చిరునామాలు రిజర్వాయరు మట్టం లెక్కన, అడుగుల్లో ఉంటాయి. ఫలానావాళ్ల గుడి 850కి బయటపడుతుంది, ఫలానావాళ్ల బావి 842కి, రచ్చబండ ఇంకాస్త కిందికి పోతే. మా అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ వేసవి వచ్చిందంటే పేపరు చదివే ప్రతివాడినీ ఆపి "డ్యామ్ ఎంతుంది నాయనా?" అని అడిగేది. 840 కిందికి వచ్చిందని తెలిస్తే ఇక ఆగేది కాదు. ఒక ఏడాది నేనే తీసుకుపోయాను. పగిలిన ఒండ్రు మీద, ఎండిన నత్తగుల్లలు కాళ్ల కింద నలుగుతుంటే, చేతికర్ర పొడుచుకుంటూ ఎవరినీ దారి అడగకుండా నడిచింది. గోడలు ఎప్పుడో కరిగిపోయాయి. నేలలో పాతిన రోలు మాత్రం ఉంది. పక్కన కూర్చుని, రోట్లో గట్టిపడిన బురదను వేళ్లతో పెళ్లలు పెళ్లలుగా తీసి బయట వేసింది. పావుగంట పట్టింది. శుభ్రం చేశాక కొంగుతో తుడిచి లేచింది. మళ్లీ జూలైలో నీళ్లు వస్తాయని తెలిసే చేసింది ఆ పని.

ఇది చెప్పింది జాలి కోసం కాదు. ఈ ఉత్తరం చివర మీకు దీనితో పని పడుతుంది.

ఇక నాకు వచ్చిన విద్యలోకి వస్తాను. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పుడు ఇది కరెంటు కోసం కడుతున్న ఆనకట్ట. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కూడా దీన్ని జలవిద్యుత్ ప్రాజెక్టుగానే చూసింది. ఆవిరి కింద 33 టీఎంసీలు (టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగులు) లెక్కకట్టింది తప్ప కాలువలకని పెద్ద వాటా ఏమీ రాయలేదు. 1982 నుంచి కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఒక్కొక్కటే తిరగడం మొదలై ఏడు అయ్యాయి. 2001 తర్వాత ఎడమగట్టున కొండ కడుపులో 150 మెగావాట్లవి ఆరు వచ్చాయి. మొత్తం 1,670 మెగావాట్లు. తెలంగాణ ఇంజనీర్లు "ఇది కరెంటు ప్రాజెక్టు" అన్నప్పుడల్లా మా వైపు వాళ్లు మండిపడతారు. కాగితం చూస్తే వాళ్లు అన్నదాంట్లో అబద్ధం లేదు.

కానీ ఆనకట్టకు కూడా వయసుతో పాటు బాధ్యతలు పెరుగుతాయి. పోతిరెడ్డిపాడు నుంచి తెలుగుగంగ కాలువ పోయింది, వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి చెన్నైకి తాగునీరు అదే దారిలో పోవాలి. ఎస్సార్బీసీకి, అంటే శ్రీశైలం కుడి బ్రాంచి కాలువకు, 19 టీఎంసీలు. మల్యాల దగ్గర హంద్రీనీవా. అవతలి ఒడ్డున కల్వకుర్తి ఎత్తిపోతల, దాని తర్వాత పాలమూరు-రంగారెడ్డి. పాలమూరు నుంచి వలసపోయిన కూలీల గురించి విన్నవాళ్లెవరూ ఆ పంపులు ఆపమని అడగలేరు. నేనూ అడగను. కొల్లాపూర్, అలంపూర్ వైపు కూడా మాలాగే ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అక్కడి పాత గుళ్ల రాళ్లకు నంబర్లు వేసి విప్పి తీసుకుపోయి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టారు. మా మిద్దె మాత్రం కాగితంలో ఒక్క వరుసలో సరిపోయింది, చింతచెట్లతో కలిపి.

పనులు పెరిగాయి, గిన్నె మాత్రం చిన్నదైంది. మొదట 885 అడుగుల పూర్తిమట్టం దగ్గర 308 టీఎంసీలు పట్టేది. పూడిక చేరాక సర్వే చేస్తే 263 అన్నారు. ఇప్పుడు మీరు రోజూ వాడుతున్న అంకె 215.81. అంటే 92 టీఎంసీల జాగాలో ఇప్పుడు మట్టి ఉంది. ఒక పెద్ద ప్రాజెక్టే కనబడకుండా పోయినట్టు. ఇంత నష్టం మీద ఏ రాష్ట్రమూ గొడవ పెట్టుకోదు, ఎందుకంటే మట్టిలో వాటా ఎవరికీ అక్కర్లేదు.

ఆ 215లో పైనున్న 31 అడుగులు, 885 నుంచి 854 దాకా, దాదాపు 126 టీఎంసీలు. దాని కింద 20 అడుగులు, 854 నుంచి 834 దాకా, సుమారు 35 టీఎంసీలు. తగాదా అంతా ఈ 35 మీదే. 1996 నాటి జీవో 69 కనీసమట్టం 834 అంది. 2004 నాటి జీవో 107 దాన్ని 854కు పెంచింది. ఒక రాష్ట్రం ఒక కాగితం పట్టుకుంది, రెండో రాష్ట్రం రెండో కాగితం పట్టుకుంది.

సరే, కాగితాలు పక్కన పెట్టి నల్లబల్ల దగ్గరికి రండి. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్ల నీరు, బరువు 2,830 కోట్ల కిలోలు. ఎనభై మీటర్ల ఎత్తు నుంచి దింపుతున్నామనుకుందాం. టర్బైన్లో, జనరేటర్లో పోయేదానికి పది శాతం తీసేద్దాం. వచ్చేది సుమారు 55 లక్షల యూనిట్ల కరెంటు. మీ 1,670 మెగావాట్లు పూర్తిగా నడిస్తే రోజుకు నాలుగు కోట్ల యూనిట్లు. అంటే రోజుకు ఏడు టీఎంసీల పైచిలుకు కావాలి. 35ను ఏడుతో భాగిస్తే అయిదు.

అయిదు రోజులు. మన రెండు రాష్ట్రాలు పోలీసులను పెట్టి కాపలా కాసిన ఆ ఇరవై అడుగుల నీరు మీ యంత్రాలకు అయిదు రోజుల మేత. ఇక్కడ ఇంకో అంకె పక్కన పెట్టి చూడండి. చెన్నైకి ఇవ్వవలసిన 15, ఎస్సార్బీసీ 19 కలిపితే 34. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా పడటం యాదృచ్ఛికమే. కానీ అది చూసిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మీరు వెంటనే అనే మాట నాకు తెలుసు. "మాస్టారూ, 854 కింద ఉన్న నీళ్లు పోతిరెడ్డిపాడుకు ఎక్కవు కదా." నిజమే. 854 దగ్గరే అక్కడ పారకం సన్నబడుతుంది, 841కి వచ్చేసరికి గేటు అడుగు తగులుతుంది. కాబట్టి ఆ 35 టీఎంసీలను కాలువలో పారించమని నేను అడగడం లేదు. పెరుగు తోడుపెట్టేవాళ్లు గిన్నె అడుగున చెంచాడు మిగులుస్తారు. అది తినడానికి కాదు, రేపటి పాలకు. అడుగున ఆ నీరుంటే జూలైలో జూరాల నుంచి, తుంగభద్ర నుంచి వచ్చే తొలివరద వారం తిరక్కుండా కాలువలకు అందుతుంది. అడుగు ఖాళీగా ఉంటే తొలివరద అంతా గొయ్యి నింపడానికే సరిపోతుంది. ఈలోగా పైన వానలు ఆగితే ఆ ఏడాదికి అంతే సంగతులు. సీమలో వానలు ఎంత నమ్మకంగా వస్తాయో మీకు నేను చెప్పాలా?

ఇందులో మీ శాఖకే చెందిన ఇంకో లెక్క ఉంది. దాన్ని ఎవరూ బయట మాట్లాడరు. మట్టం దిగేకొద్దీ అదే టీఎంసీకి వచ్చే యూనిట్లు తగ్గుతాయి. 885 నుంచి 854కు వచ్చేసరికి ఎత్తులో తొమ్మిది మీటర్లకు పైగా పోతుంది. అంటే పది పాళ్లలో దాదాపు ఒక పాలు కరెంటు పోయినట్టే. ఇంకా కిందికి పోతే ఇంకా నష్టం. అంటే నీటిమట్టం నిలబెట్టడం రైతుకు ఎంత లాభమో, కరెంటు శాఖకూ అంతే లాభం. మరి ఇద్దరికీ లాభమైన పని ఇద్దరూ ఎందుకు చెయ్యరు?

ఎందుకంటే తాను ఆగితే అవతలివాడు వాడేస్తాడని భయం. ఉమ్మడి కుటుంబంలో వేరుపడే ముందు అన్నదమ్ములు గాదె ఖాళీ చేసినట్టు. 2021 వేసవి చివర మట్టం 854కు చాలా కింద ఉండగానే ఎడమగట్టున ఉత్పత్తి మొదలైంది. ఆనకట్ట మీద అటూ ఇటూ పోలీసులు నిలబడ్డారు. మా వైపు చేతులు పరిశుభ్రంగా ఉన్నాయని చెప్పడం లేదు. పోతిరెడ్డిపాడు దగ్గర ఎంత తీసుకున్నామన్నది మా అంకె ఒకటి, వాళ్ల అనుమానం ఒకటి. కాలువ సామర్థ్యాన్ని 44,000 క్యూసెక్కులకు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు) పెంచి, 2020లో 80,000 అని మరో జీవో ఇచ్చి, ఆ పైన "మేం వాటా మించడం లేదు" అంటే ఎదుటివాడు నమ్మాలని లేదు. నేనే పాలమూరులో పుట్టి ఉంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు.

కానీ మీ మధ్య నిజంగా అంత దూరం ఉందా? 2014 జూన్ 2 దాకా మీరంతా ఒకే రాష్ట్ర ప్రభుత్వం కింద ఉన్నవాళ్లు. అవే కాలేజీలు, అవే క్వార్టర్లు, ఒకే క్యాంటీనులో టీ. కుడిగట్టు వాడికి ఎడమగట్టున బావమరిది ఉండటం వింత కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయినప్పుడు, ఇటువైపు పవర్‌హౌస్‌లో పనిచేసే నా పాత శిష్యుడు ఫోను చేశాడు. చాలాసేపు మాట రాలేదు. "వాళ్లు యంత్రాలను కాపాడటానికి లోపలే ఉండిపోయారు సార్" అన్నాడు. ఏ రాష్ట్రం వాళ్లని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. పైవాళ్ల ఒప్పందాల కోసం చూడకుండా, మీరు మీరు కూర్చుని ఒక గీత గియ్యండి. జూన్ నుంచి మే దాకా ఏ పక్షానికి మట్టం ఎంత ఉండాలో చూపే గీత. వరద పారుతున్నంత కాలం యంత్రాలన్నీ తిప్పండి, ఎవరు కాదంటారు? గేట్లు ఎత్తి వదిలే నీటికంటే టర్బైన్ మీదుగా పోయే నీరే మేలు. వరద తగ్గాక మాత్రం గీత ప్రకారమే దిగండి, 854 దగ్గర ఆగండి. కిందికి పోవలసి వస్తే తాగునీటికే పోవాలి. హైదరాబాదు గొంతు చాలావరకు దిగువన ఉన్న నాగార్జునసాగర్ మీద ఆధారపడి ఉంది, ఎండు సంవత్సరంలో సాగర్‌కు కాస్త ఇవ్వక తప్పదు. డెల్టా నారుమళ్ల సంగతి వేరు. పట్టిసీమ వచ్చాక జూన్, జూలైల్లో గోదావరి నీళ్లు అక్కడికి అందుతున్నాయి కాబట్టి శ్రీశైలం అడుగు గోకవలసిన అవసరం మునుపటంత లేదు.

కరెంటు మాట. మునుపు జలవిద్యుత్తును పగలూ రాత్రీ వాడేవాళ్లు, వేరే దారి లేక. ఇప్పుడు మధ్యాహ్నం సూర్యుడే ఇస్తున్నాడు. మా జిల్లాల్లో బీడు భూములన్నీ సోలార్ పలకలు. లోటు వచ్చేది పొద్దుగుంకాక, ఇళ్లలో దీపాలు, ఫ్యాన్లు ఒక్కసారి వేసుకునే వేళ. బొగ్గు బాయిలరు వేడెక్కడానికి గంటలు పడుతుంది, మీ యంత్రం నిమిషాల్లో అందుకుంటుంది. శ్రీశైలాన్ని ఆ మూడు నాలుగు గంటలకు దాచి వాడండి. ఎడమగట్టు యంత్రాలు తిరగేసి తిప్పితే కిందినీళ్లను పైకి తోడగలవు కూడా. సాగర్ వెనకజలాలు అందుతున్నప్పుడు, పగటి సోలార్ కరెంటు మిగిలినప్పుడు ఆ పని ఎంత చేస్తున్నారో నాకు ఎప్పుడూ పేపర్లో కనబడలేదు. అంత డబ్బు పోసి కొన్న గుణం అది.

పేపరు అంటే గుర్తొచ్చింది. రోజూ మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో వేస్తున్నారు, సంతోషం. దాని పక్కన మరో రెండు గళ్లు చేర్చండి. నిన్న ఎన్ని టీఎంసీలకు ఎన్ని యూనిట్లు వచ్చాయి? ఆ నీరు చివరికి సాగర్‌లో నిలిచిందా, ప్రకాశం బరాజ్ దాటి సముద్రంలో కలిసిందా? ఈ రెండూ తెలుగులో, రెండు గట్ల సంతకాలతో రావాలి. పోతిరెడ్డిపాడు పారకం అంకె కూడా అదే కాగితంలో ఉండాలి, మా వైపు వాళ్లకు నచ్చినా నచ్చకపోయినా.

ఒడ్డున ఉండేవాళ్లను కూడా కాస్త చూడండి. నీళ్లు వెనక్కి పోయిన ఒండ్రులో పంట వేసుకునేవాళ్లున్నారు, పుట్టి వేసుకుని వలలు విసిరేవాళ్లున్నారు. రాత్రికి రాత్రి మట్టం మారితే పైరు మునుగుతుంది, లేకపోతే పుట్టి బురదలో కూరుకుంటుంది. గీత ఒకటి ఉంటే వాళ్లూ దాని ప్రకారం విత్తనం వేసుకుంటారు.

ఎప్పుడూ నిండుగా ఉంచమని మాత్రం పొరపాటున కూడా అనను. 2009 అక్టోబరు 2న కర్నూలులో ఉన్నాను. ఆ వరదలో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి, మట్టం 885 దాటి 896 అడుగుల పైకి పోయింది. మా బడిలో రెండో వరస బెంచీలు పైకప్పు దూలాలకు ఆనుకుని ఉండగా చూశాను. హాజరుపట్టీలు ఇటుకల్లా గట్టిపడ్డాయి. సెప్టెంబరు చివర కాస్త జాగా ఖాళీగా ఉంచడం కూడా మీ గీతలో ఉండాలి. ఆనకట్ట దిగువన నీళ్లు దూకి దూకి తవ్విన ఆ ప్లంజ్‌పూల్ గొయ్యిని మరిచిపోకండి. అయిదు రోజుల కరెంటు కోసం ఇంత పట్టుదల చూపిన ప్రభుత్వాలు, ఆ గొయ్యి పూడ్చే ఖర్చు ఎవరిదో తేల్చుకోవడానికి చూపిస్తున్న తీరిక నాకు అర్థం కాదు.

ఇక మొదట చెప్పిన రోలు సంగతి. మీరు నా మాట విని 854 దగ్గర ఆగితే, మా ఇల్లు ఇక బయటపడదు. అది 840కి గానీ తేలదు. సంగమేశ్వరుడి గుడీ అంతే. ఏడు నదులు కలిసే చోట వేపమొద్దు శివలింగానికి ఏడాదిలో దొరికే ఆ కొన్ని నెలల పూజ కూడా నా లెక్క వల్ల పోతుంది. అక్కడి భక్తులు నన్ను తిడతారు, తిట్టే హక్కు వాళ్లకు ఉంది. మా అవ్వ ఉండి ఉంటే ఏమనేదో తెలియదు. ఆమె పోయి పన్నెండేళ్లు. ఈ ఉత్తరం రాయడానికి ముందు ఆ రోలును ఒకసారి చూసిరావాలని పోయిన మే నెలలో బయలుదేరాను. మట్టం 838 అన్నారు. రోలు చుట్టూ ఎవరో మొక్కజొన్న కోసిన మోళ్లు ఉన్నాయి. రోట్లో బురద నిండి ఉంది. నాకు మోకాళ్లు వంగవు. కూర్చోలేదు, నిలబడి చూసి వచ్చాను.

పైన వేసిన లెక్కలో ఎత్తు ఎనభై మీటర్లని, నష్టం పది శాతమని నేను పట్టుకున్నవే. మీ దగ్గర అసలు అంకెలు ఉంటాయి. తప్పు ఉంటే ఎర్రసిరాతో దిద్ది పేపరుకే పంపండి. రెండు గట్ల వాళ్లూ ఒకే కాగితం మీద దిద్దితే ఇంకా సంతోషిస్తాను.

ఇట్లు,
రిటైరైన ఒక లెక్కల మాస్టారు,
నంద్యాల